ఆలస్యంగా దిగే నీళ్ళు

మా నాన్నకి ఎనభై ఎనిమిదేళ్ళు, నాకు అరవై రెండు. ఇద్దరం కెనడాలోని సార్నియాలో ఒకే ఇంట్లో, ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ బతుకుతున్నాం. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. నేను ఇక్కడి ఒక కెమికల్ ప్లాంట్ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళు సీసాలు ఊపి రిటైరయ్యాను. నాన్న మన వాతావరణ శాఖలో అబ్జర్వర్‌గా చేశారు. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత పట్టింది, పాదరసం ఎంత ఎక్కింది అని వేళకి చూడటం, రాయడం, వైర్‌లెస్‌లో పంపడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం వదిలి ముప్ఫై ఏళ్ళు దాటినా పొద్దున్నే లేచి, కిటికీ తెర కూడా తీయకుండా, ఇవాళ పడమటి గాలి అంటారు. నేను ఫోన్‌లో చూస్తే పడమటి గాలే ఉంటుంది. ఒళ్ళు మండుతుంది నాకు.

మొన్న మార్చిలో మంచు కరగడం మొదలైన రోజుల్లో, ఇడ్లీ తుంచుకుంటూ తల ఎత్తకుండా అడిగారు.

"పాప ఉన్న చోటు ఇంకా ఉందంటావా?"

చట్నీ గిన్నె కింద పెట్టాను. పాప అంటే నా చెల్లెలు. ఎనిమిది నెలల పిల్లగా పోయింది. పోయి యాభై అయిదేళ్ళయింది. నాకప్పుడు ఏడేళ్ళు. దాన్ని పెట్టింది ఒక పగడపు దీవిలో. ఆ దీవిని సముద్రం కొరుక్కు తింటోందని నాన్న ఎక్కడో విన్నారట. పాప సమాధి నేల మీద ఉందా, నీళ్ళలో పోయిందా అన్నది తేల్చుకోకుండా తను పోకూడదని ఆయన పట్టు. ఆ మాట అన్నది ఒక్కసారే. మా నాన్న ఒక్కసారి అన్నారంటే పదిసార్లు అన్నట్టే లెక్క.

వెళ్ళి చూసి వచ్చే చోటు కాదది. లక్షద్వీపాల్లో ఒకటి. ఏదో చెప్పను, అక్కడి మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. దేశంలో వాళ్ళకే పర్మిట్ కావాలి, కెనడా పాస్‌పోర్ట్ పుచ్చుకున్న మాకు ఇంకా తిప్పలు. పైగా నాన్న మెట్లు దిగడానికే మూడుసార్లు ఆగుతారు.

మేమక్కడ రెండేళ్ళున్నాం. కేరళ తీరం నుంచి ఓడలో ఒక పగలూ ఒక రాత్రీ పోవాలి. దూరం నుంచి దీవి కనపడదు. కొబ్బరి చెట్లు మాత్రం నేరుగా నీళ్ళలోంచి మొలిచినట్టు కనిపిస్తాయి. ఎందుకంటే అక్కడ అన్నిటికంటే ఎత్తైన నేల కూడా మనిషిన్నర ఎత్తు ఉండదు. ఓడ బయటే ఆగిపోతుంది. చిన్న పడవలో ఎక్కించి, అలలు విరిగే పగడపు గట్టులో ఒక సందు చూసి లోపలికి తీసుకెళతారు. ఆ సందు దాటగానే చప్పుడు ఆగిపోయి, గంజి వార్చి పెట్టినట్టు కదలని ఆకుపచ్చ నీళ్ళు వస్తాయి. దీవి ఈ కొస నుంచి ఆ కొసకి గంట నడక. అడ్డంగా అయితే అమ్మ "పరిగెత్తకు" అని రెండోసారి అనేలోపు అవతలి ఒడ్డుకి చేరిపోయేదాన్ని.

అక్కడ తూర్పు పడమరలు లేవు. లోపలి వైపు, బయటి వైపు, అంతే. లోపలి వైపు అంటే ఆ ఆకుపచ్చ నీళ్ళు, బయటి వైపు అంటే అసలు సముద్రం. నా భుజం మీద చీమ పాకితే, నీ బయటి వైపు భుజం మీద చీమ ఉందనేవాళ్ళు. తూర్పు చూడు, పడమర చూడు అని పాఠం చెప్పే మా నాన్నే ఏడాది తిరిగేసరికి చెంచా లోపలి వైపు పెట్టమని అమ్మకి చెప్పడం మొదలుపెట్టారు. కుక్కలు లేవు, పాములు లేవు. బయటి వైపు హోరు ఎప్పుడూ ఉండేది, కానీ ఆ హోరు అలవాటయ్యాక దాని కింద ఒక నిశ్శబ్దం వినిపించేది. మా బందరులో కుక్క మొరగని గంట లేదు. అక్కడ రెండేళ్ళు ఒక్క మొరుగు వినలేదు. ఆ నిశ్శబ్దం నాకు భయం.

దీవి ఎలా పుట్టిందో నాన్న ఇసుకలో గీసి చెప్పారు. ఎప్పుడో సముద్రంలో ఒక అగ్నిపర్వతం లేచింది. దాని అంచు చుట్టూ పగడాలు పెరిగాయి. కొండ తన బరువుకి తనే మెల్లగా కుంగింది. అది కుంగే కొద్దీ పగడాలు వెలుతురు కోసం పైకి పెరిగాయి. చివరికి కొండ మునిగిపోయింది, చుట్టూ కట్టిన గట్టు మిగిలింది. ఆ గట్టు మీద అలలు పోసిన ఇసుకే మనం నిలబడ్డ నేల. అంటే మనం చచ్చిపోయిన కొండ మీద ఉన్నామా నాన్నా అని అడిగాను. దీపాలు పెట్టే వేళ ఆ మాటలేంటని అమ్మ నెత్తి మీద ఒకటి మొట్టింది. కానీ అడిగింది తప్పేం కాదు. అక్కడ మట్టి లేదు, నల్ల రాయి లేదు. ఏ గులకరాయి తీసుకున్నా అది ఒకప్పుడు ప్రాణమున్నదే.

మా క్వార్టర్స్ పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. పడవలు కట్టేవాడు. ఆయన చెప్పేవాడు, మా వాళ్ళు మలబారు నుంచి పడవలో దారి తప్పి వచ్చారని. మర్నాడు ఇంకోలా చెప్పేవాడు, దారి తప్పలేదు, పారిపోయి వచ్చారని. తీరం మీది రాజులు కొబ్బరి పీచు తాళ్ళు పట్టుకెళ్ళి బియ్యం ఇచ్చారు, తర్వాత దొరలు వచ్చి తాళ్ళు పట్టుకెళ్ళారు. ఒక్క రాజు పేరూ ఆయనకి గుర్తులేదు. గుర్తున్నది ఒక్క తుఫాను. తాతల తాతల కాలంలో బయటి సముద్రం దీవి మీంచి నడిచి లోపలి నీళ్ళలో కలిసిందట. కొబ్బరి చెట్లకి కట్టేసుకున్నవాళ్ళు బతికారు. ఏళ్ళ తరబడి బావులు ఉప్పగా ఉండి కొబ్బరి నీళ్ళే తాగారు. బయటి వైపు సమాధులు తెరుచుకున్నాయట. ఆ ముక్క చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు మారేది కాదు, చేప ధర చెప్పినట్టు చెప్పేవాడు. వానాకాలం వచ్చిందంటే ఒక కొస నుంచి ఇసుక కొట్టుకుపోయి ఇంకో కొసన పడుతుంది. దీవి పక్క తిరిగి పడుకుంటోంది అనేవాడు. అందుకే వాళ్ళు మసీదూ, సమాధులూ దీవి నడుమన పెట్టుకున్నారు.

అన్నిటికంటే నాకు బావి భయం. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది, మజ్జిగ మీద తేటలాగా. నెమ్మదిగా ముంచుకుంటే తియ్యగా ఉంటాయి, ఆశపడి తోడితే ఉప్పు పైకి వస్తుంది. రెండు మూరలు తవ్వితే నీళ్ళే. ఆ నీళ్ళు సముద్రంతో పాటు రోజుకు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఎవరూ పోయలేదు, ఎవరూ తోడలేదు, చూస్తూ ఉండగా నాలుగు వేళ్ళ ఎత్తు పైకి వచ్చేవి. ఊపిరి పీలుస్తోంది అని ఏడ్చి నేను అక్కడ ఒంటరిగా స్నానం చేసేదాన్ని కాదు. పెద్దాయన నవ్వేవాడు. సముద్రం దిగిన రెండు గంటలకి గానీ బావి దిగదు, బావికి కబురు ఆలస్యంగా అందుతుంది అనేవాడు.

పాప ఆ దీవిలోనే పుట్టింది. వానాకాలంలో ఓడ రాదు. మే నెలాఖరున వెళ్ళిన ఓడ మళ్ళీ సెప్టెంబరులోనే. ఆ మధ్యలో పాపకి జ్వరం వచ్చింది. కాంపౌండరు ఒకాయన తప్ప డాక్టరు లేడు. నాలుగో రోజు తెల్లారేసరికి పోయింది. అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంది. నాన్న పాపని తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఎప్పుడో తిరిగి వచ్చారు. చొక్కా గుండెల దాకా తడిసి పక్కటెముకలకి అంటుకుని ఉంది. ఆ రోజు వాన లేదు. నాకు బాగా గుర్తు, ఆకాశం తెల్లగా ఉంది.

అమ్మ ఆ తడి గురించి అడగలేదు. "పొడి చోటేనా అండీ?" అంది.

"పొడి చోటే," అన్నారు నాన్న.

తర్వాత బందరులో, హైదరాబాదులో, చివరికి సార్నియాలో కూడా, ఏటా ఆ రోజున అమ్మ ఆ ఒక్క ప్రశ్నే అడిగేది. నాన్న ఆ ఒక్క జవాబే ఇచ్చేవారు. ఇద్దరూ కలిసి బైబిల్ చదువుకుని పడుకునేవాళ్ళు. నేను కాళ్ళు లాగేస్తున్నాయనో, పొద్దున షిఫ్ట్ ఉందనో లేచి వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పుడు నాన్న అడిగారు కదా, మా అమ్మాయికి ఫోన్ చేశాను. అది విండ్సర్‌లో ఉంటుంది, వారాంతాల్లో డ్రైవ్ చేసుకుని వస్తుంది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు ఏ ఏడాదివి ఆ ఏడాదికి చూపించే మ్యాప్ ఒకటి లాప్‌టాప్‌లో తెరిచింది. దక్షిణపు కొసన, నాన్న పనిచేసిన అబ్జర్వేటరీ కంచె దాటాక, బయటి వైపు మొగలి పొదల దగ్గర అని నేను చెబుతుంటే అది వేలితో జరుపుతూ పోయింది. కంచె కనిపించింది. కంచె పక్కనే నీళ్ళు మొదలయ్యాయి.

"అమ్మా, దట్స్ జస్ట్ వాటర్," అంది.

వెనక్కి జరిపించాను. పన్నెండేళ్ళ కిందటి ఫొటోలో ఇసుక ముక్క నాలుకలా బయటికి ఉంది, దాని మీద పొదలు చుక్కల్లా ఉన్నాయి. మరుసటి ఏడాది ఫొటోలో అది లేదు. ఆ తర్వాత ఏ ఫొటోలోనూ లేదు. ఒక్క ఏడాదిలో నాకినట్టు పోయింది. తాతయ్యకి చెప్పకు అన్నాను. అది నా వంక అదోలా చూసి లాప్‌టాప్ మూసేసింది.

నాన్న దగ్గరికి వెళ్ళి, ఉంది నాన్నా అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, మొగలి పొదలు కూడా కనిపిస్తున్నాయి, ఇసుక పొడిగా తెల్లగా మెరుస్తోంది అని కూడా చేర్చాను. ముసలాయన ముఖం వికసిస్తుందనుకున్నాను. ఆయన "ఓహో" అన్నారు. సగం ఇడ్లీ కంచంలో వదిలేసి, గోడ పట్టుకుని, మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి వెళ్ళారు. ఎందుకు వెళ్ళారో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇక్కడి ఇళ్ళకి బేస్‌మెంట్ నేలలో బిందె పట్టేంత గుంట ఉంటుంది. ఇంటి చుట్టూ ఊరిన నీళ్ళు అందులో చేరితే మోటారు బయటికి తోడేస్తుంది. సంప్ అంటారు. ఆ రోజు నుంచి నాన్న పాత కర్టెన్ రాడ్‌కి గీతలు గీసుకుని, ఆ గుంట మూత తీసి, అందులో ముంచి చూసి పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. పొద్దున ఎనిమిదిన్నర, పదకొండున్నర, మధ్యాహ్నం రెండున్నర, సాయంత్రం అయిదున్నర. ఆయన ఉద్యోగంలో అబ్జర్వేషన్ వేళలు అవే. మెట్ల మీద పడితే ఎముక విరుగుతుంది, ఆంబులెన్సు వాళ్ళకి నేను ఏం చెప్పుకోవాలి, మా నాన్న బురద గుంట కొలుస్తున్నారనా అని అరిచాను. నా నోరు అలాంటిది. చెవిటి వాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన రాడ్ తుడుచుకుని పైకి వచ్చారు.

ఒకరోజు పుస్తకం తెరిచి చూశాను. చేతిరాత వణుకుతున్నా గళ్ళు తిన్నగా ఉన్నాయి. నీళ్ళు రోజుకు రెండుసార్లు ఎక్కాయి, రెండుసార్లు దిగాయి. ఎక్కే వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతోంది. తను చూడని వేళలు లెక్క కట్టి పెన్సిల్‌తో రాసుకున్నారు. అవి బావి వేళలు. సార్నియా పక్కనున్నది మంచినీళ్ళ చెరువు, ఎంత పెద్దదైనా దానికి ఆటుపోట్లు లేవు. పాపం, తలలో ఉన్నది రాసుకుంటున్నారు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన కుర్చీలో కునుకు తీశారు. నిద్రలో కూడా రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టి, మోచేతులు బిగించి, కిందికి నొక్కుతున్నారు. ఈ మధ్యే అలా పడుకుంటున్నారు. కీళ్ళ నొప్పులనుకున్నాను. పుస్తకంలో మూడుంబావుకి ఎక్కుతుందని పెన్సిల్‌తో ఉంది. తమాషా చూద్దామని నేనే కిందికి దిగాను. మూత తీసి, మెట్టు మీద కూర్చున్నాను. బయట ఎండ కాస్తోంది, చిన్న కిటికీలోంచి వెలుతురు తిన్నగా గుంట మీద పడుతోంది. వాన లేదు, ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పలేదు. మూడుంబావుకి నీళ్ళు చప్పుడు లేకుండా ఎక్కాయి. నాలుగు వేళ్ళ ఎత్తు. మోటారు తిరగలేదు. కాసేపు అలాగే నిలిచి ఉన్నాయి, ఎవరో కింద నుంచి చూస్తున్నట్టు.

ముప్ఫై ఏళ్ళు ల్యాబ్‌లో తెలియని ద్రవం నోట్లో పెట్టుకోకూడదని కొత్తవాళ్ళకి క్లాసు పీకినదాన్ని. వేలు ముంచి నాకాను. ఉప్పగా ఉంది.

రోడ్ల మీద చల్లిన ఉప్పు మంచుతో కరిగి నేలలోకి దిగుతుంది, అదే అయి ఉంటుంది. ప్లంబర్‌ని పిలిపించాను. వసంతంలో ఈ వీధి అంతా ఇంతే, పైగా మీ మోటారు బిగుసుకుంది అని కొత్తది పెట్టి వెళ్ళాడు. కొత్తదాని చప్పుడు కూడా ఆ వేళకి వినిపించలేదు. నేను మళ్ళీ చూడటానికి దిగలేదు. అబద్ధం ఎందుకు, భయమేసింది. ఈ ఊరికి వచ్చి ముప్ఫై నాలుగేళ్ళయింది, ఒక్కరోజు కూడా నా కాళ్ళ కింద ఏముందో అని ఆలోచించలేదు. ఆ వసంతమంతా బట్టలు ఉతకడానికి కూడా రేడియో పెద్దగా పెట్టుకుని దిగేదాన్ని.

మే నెలాఖరున మా అమ్మాయి వస్తూ దారిలో ఒక వాగు దగ్గర ఆగిందట. అక్కడ ఒడ్డు విరిగి పడిన చోట పాత రాళ్ళు దొరుకుతాయి. పిడికిలంత రాయి ఒకటి తెచ్చింది. తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉంది. పగడమే. మా ప్లాంట్‌లో ఒక జియాలజిస్టు లంచ్ టైంలో చెప్పేవాడు, మనుషులు పుట్టక చాలా ముందు ఇక్కడంతా వెచ్చటి సముద్రమని, ఈ నేల అడుగున పగడపు దిబ్బలు చచ్చి పడి ఉన్నాయని, ఈ చుట్టుపక్కల తోడిన గ్యాసు కొంత వాటిలోదేనని, వాటి పక్కనే ఉప్పు పొరలు ఉన్నాయని. అప్పుడు శాండ్‌విచ్ తింటూ ఊ కొట్టాను. ఇప్పుడా రాయి చేతిలో పట్టుకుంటే అరచెయ్యి చల్లబడింది. అమ్మాయి దాన్ని డైనింగ్ టేబుల్ మీద, కిటికీ గాలికి ఎగురుతున్న కాగితాల మీద బరువుగా పెట్టి, గ్రోసరీకి వెళ్ళింది.

నాన్న కాఫీకి వచ్చారు. కుర్చీ లాగబోయి ఆగిపోయారు. రాయిని చూశారు. అది ఎవరు తెచ్చారు, ఎక్కడిది అని అడిగారు. వాగు సంగతి చెప్పాను. ఆయన వినలేదు. కాగితాల అంచులు గాలికి లేచి రాయి చుట్టూ కొట్టుకుంటున్నాయి, అదే చూస్తున్నారు.

"తియ్యి. దాని మీద నుంచి తియ్యి," అన్నారు.

తీసి సింక్ పక్కన పెట్టాను. కాగితాలు నేలంతా ఎగిరాయి. ఆయన కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు.

ఆ రోజు పక్కింటి పెద్దాయన రెండు మాటలు చెప్పాడట. ఒకటి, మీకు నడుమన మసీదు దగ్గర చోటు అడగడం ఇష్టం లేకపోతే కొసన పెట్టుకోండి, కానీ పెట్టె వద్దు, గుడ్డలో చుట్టి మాలాగే పెట్టండి. రెండు, మధ్యాహ్నం నమాజు అయి రెండు గంటలు దాటేదాకా ఆగండి, బావి పూర్తిగా దిగుతుంది, గుంటలో నీళ్ళుండవు. నాన్న రెండూ వినలేదు. పెట్టె లేకుండా పెట్టడం మనలో లేదు, పాస్టరు లేకపోయినా పెట్టె అయినా ఉండాలి అన్నారట. బారోమీటరు వచ్చిన చెక్క పెట్టె విప్పి చిన్న పెట్టె చేశారు. ఇక వేళ. ఆఫీసులో తీరం మీది రేవుకి వేసిన ఆటుపోట్ల పట్టిక ఉండేది. దాన్ని బట్టి ఆ రోజు సముద్రం పన్నెండింటికి దిగుతుంది. తోటి అబ్జర్వరు సెలవు మీద వెళ్ళి వానలకి అవతలే చిక్కుకుపోయాడు. రెండున్నర అబ్జర్వేషన్ తప్పకూడదు. అందుకని పన్నెండింటికే తవ్వించారు.

"సముద్రం దిగే ఉంది అమ్మాయ్. పట్టిక తప్పలేదు. నేల కింద నీళ్ళే దిగలేదు."

గుంటలో తొడల దాకా నీళ్ళు. పెట్టె దింపితే తేలింది. కర్రతో నొక్కితే పక్కకి ఒరిగి మళ్ళీ తేలింది. పెద్దాయన ఆగండి అన్నాడు. నాన్న గడియారం చూసుకుని గుంటలోకి దిగారు. రెండు చేతులతో పెట్టెని అడుక్కి నొక్కి పట్టుకుని, రాళ్ళు తెమ్మన్నారు. వాళ్ళు పగడపు రాళ్ళు ఒక్కొక్కటీ అందించారు. సందుల్లోంచి నీళ్ళు లోపలికి పోతుంటే చప్పుడయిందట.

"పాలు తాగుతూ గుటక వేసేది చూడు, ఆ చప్పుడే," అన్నారు. "ఆగేదాకా పట్టుకున్నాను. ఆ తర్వాత వెళ్ళి రెండున్నరకి అబ్జర్వేషన్ రాశాను. వాన లేదని రాశాను. ఆ కాగితం ఎవరు చూశారు? ఎవరికి కావాలి?"

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. రోజుకు రెండుసార్లు, యాభై అయిదేళ్ళు, నీళ్ళు వచ్చి దాన్ని లేపుతాయి, రాళ్ళు లేవనివ్వవు, అన్నారు. ఆ లెక్క ఆయన ఏ రోజూ తప్పలేదట, ఏ ఊళ్ళో ఉన్నా ఇప్పుడు ఎక్కింది, ఇప్పుడు దిగింది అని తెలిసేదట. సముద్రం ఆ కొసని కొట్టేసిందేమోనని, కొట్టేస్తే బావుండునని మార్చిలో అడిగారట. నేను పొడిగా ఉంది, తెల్లగా మెరుస్తోంది అన్నాను.

మూడు నెలలు. ఆ రాళ్ళని నా చేతులతో నేనే మళ్ళీ పేర్చాను. ముసలాయనకి మంచి చేస్తున్నాననుకుని, మొగలి పొదలు కూడా నాటాను.

"నాన్నా, అబద్ధం చెప్పాను," అన్నాను. "అక్కడ ఇసుక లేదు. అంతా నీళ్ళే. ఏమీ మిగల్లేదు."

నన్ను తిడతారనుకున్నాను. ఆయన నా చేతుల్లోంచి తన చేతులు తీసుకుని వెల్లకిలా టేబుల్ మీద పెట్టుకున్నారు.

"రాళ్ళు?"

"రాళ్ళు కూడా పోయే ఉంటాయి నాన్నా. గట్టుకి గట్టే పోయింది."

ఆయన ఏడ్చారు. మా నాన్న ఏడవడం అదే చూడటం. అమ్మ పోయినప్పుడు కూడా కళ్ళు తడవలేదు. చిన్నపిల్లలు ఏడ్చి అలిసిపోయాక పెడతారే, అలాంటి వెక్కిళ్ళు పెట్టారు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుని, అలవాటు పోదు కదా, ఎప్పుడు పోయింది, ఏ ఏడు అని అడిగారు. పన్నెండేళ్ళ కిందటి ఫొటోలో ఉంది, మరుసటి ఏడాది దాంట్లో లేదు అని చెప్పాను. పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకున్నారు.

"అంటే అప్పటికి మీ అమ్మ ఉంది."

"ఉంది నాన్నా. ఏడేళ్ళు ఉంది ఆ తర్వాత."

"ఏడుసార్లు అడిగింది," అన్నారు నాన్న. "ఏడుసార్లూ పొడి చోటే అని చెప్పాను. నమ్మేది కాదు. ఆ తడి చొక్కా ఉతికింది తనే కదా."